కాలికి పట్టు దొరకాలంటే

ఈ శీర్షికలో ఇంతకాలం డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాలు, ఇంటి అప్పులు, ఇలాంటి విషయాలే రాస్తూ వచ్చాను. ఈసారి బూట్ల అడుగుభాగం గురించి రాయబోతున్నానంటే "రిటైర్మెంటు దగ్గరపడుతోంది పాపం" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. చదవడం మాత్రం ఆపకండి.

కార్తీక మార్గశిర మాసాలు వచ్చాయంటే మన చెన్నపట్నం తెలుగు కుటుంబాలకు కొండల మీదికి గాలి మళ్ళుతుంది. పెద్దవాళ్ళు తిరుమల మెట్లెక్కుతారు. కార్తీకంలో యోగనరసింహస్వామి కళ్ళు తెరిచి చూస్తాడని షోళింగర్ కొండకు వెళ్తారు. నడివయసువాళ్ళు పిల్లాపాపలతో వనభోజనాలకు ఊత్తుకోట దాటి నాగలాపురం వైపు బయలుదేరతారు. ఇక పాతిక దాటిన మన పిల్లలు డిసెంబరు సెలవుల్లో ఏకంగా హిమాలయాలకే టికెట్లు కొంటున్నారు. ఈ ఏడు ఆ జాబితాలో మా అబ్బాయి కూడా ఉన్నాడు. ఆఫీసు స్నేహితులు ఆరుగురితో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి. ఎత్తు సుమారు 12,500 అడుగులు.

మా ఆవిడ విన్న వెంటనే "వద్దంటే వద్దు" అంది. ఒక్కగానొక్క కొడుకు, ఆమె భయం ఆమెది. నేను మాత్రం "వద్దనడానికి ముందు అడగవలసినవి అడుగుదాం" అన్నాను. ముప్పై ఏళ్ళుగా అప్పుల దరఖాస్తులు చూస్తున్న ప్రాణం. ఎవరైనా డబ్బు కావాలని వస్తే ముందు అడిగేది మూడు ముక్కలు: ఎందుకు, హామీ ఏమిటి, తిరిగి ఎలా వస్తుంది? వాడినీ అవే అడిగాను. "నాన్నా, ఇదేమన్నా లోనా?" అన్నాడు. "లోనయితే మునిగేది బ్యాంకురా. ఇక్కడ మునిగేది మేము" అన్నాను. దానితో కూర్చున్నాడు.

వాడు చూపించిన సామాను చూస్తే తలతిరిగింది. ఎనిమిది వేల రూపాయల కోటు, కొత్త సంచి, నల్ల కళ్ళద్దాలు, ఫోటోలకు వేరే పరికరం. కాళ్ళకేమిట్రా అంటే రోజూ బీచిలో పరుగెత్తే జోళ్ళే తెచ్చి చూపించాడు. అడుగున గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఒక్క మా వాడే కాదు, చాలామంది ఇలాగే చేస్తారు. ఒంటికి పెట్టిన ఖర్చు అద్దంలో కనిపిస్తుంది, అరికాలికి పెట్టిన ఖర్చు కనిపించదు. కాని కొండ మీద మనిషికీ నేలకూ ఉన్న సంబంధమంతా ఆ రెండు అరికాళ్ళ జాగాలోనే ఉంటుంది.

అన్ని కొండలకూ ఒకే జోడు పనికిరాదు. కింద ఉన్నదేమిటో తెలిస్తేగాని దానిమీద ఏం తొడుక్కోవాలో తేలదు. అందుకని మన ఊరి చుట్టుపక్కల నుంచే మొదలుపెడతాను.

మనకు చలికాలం మొదలంటే వానాకాలమే. దేశమంతటా వానలు వెనుదిరిగాక మనకు ఈశాన్య ఋతుపవనం వస్తుంది. చెన్నైలో ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. వర్దా తుపాను 2016 డిసెంబరులో వచ్చింది, మిచౌంగ్ 2023 డిసెంబరులో. ఫెంగల్ తుపాను 2024 నవంబరు ఆఖరున తీరం దాటింది. ఆ వానకే మర్నాడు, డిసెంబరు 1న, తిరువణ్ణామలై కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి ఏడుగురు చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు, 2021 నవంబరు వానలకు తిరుమల శ్రీవారిమెట్టు దారి దెబ్బతింటే, బాగుచేసి మళ్ళీ తెరిచేసరికి 2022 మే నెల వచ్చింది. అంటే మనం భక్తితోనో సరదాతోనో కొండలెక్కే నెలలూ, కొండ నాని వదులయ్యే నెలలూ ఒకటే.

తిరుమల సంగతి చూడండి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో సుమారు 2,388. చెప్పులు లేకుండా ఎక్కడం మన ఆచారం. దాన్ని మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు, నేనూ వట్టి కాళ్ళతోనే ఎక్కుతాను. వట్టి అరికాలు తడి రాతిని బాగానే పట్టుకుంటుంది కూడా. చిక్కు ఎక్కడంటే, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి కర్పూరం వెలిగిస్తారు కదా, వాన పడితే ఆ పసుపు కుంకుమలు మెత్తటి జిగురులా తయారవుతాయి. మా బావమరిది నాలుగేళ్ళ క్రితం అలాంటి మెట్టు మీదే జారాడు. ఒక చేతిలో గొడుగు, మరొక చేతిలో సంచి, పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరికుంది? మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు. అందుకని వానరోజున గొడుగు కాకుండా రెయిన్‌కోటు వేసుకోండి, ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పసుపు లేని అంచు చూసి పాదం మొత్తం ఆనించి ఎక్కండి. చలి అని మేజోళ్ళు వేసుకుంటారు కొందరు, తడి రాతి మీద అంతకన్నా జారేది మరొకటి లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు దిగేటప్పుడు బస్సెక్కడమే మంచిది. జారడం ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ.

నాగలాపురం వేరే రకం. ఊళ్ళో శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు నిలిపిన చోట వేదనారాయణస్వామి గుడి ఉంది, దర్శనం చేసుకుని కొండవాగు వెంబడి నడుస్తారు. వరదయ్యపాలెం దగ్గరి ఉబ్బలమడుగు కూడా అంతే, మన ఊళ్ళో దాన్ని తడ జలపాతం అంటారు. ఈ దారుల్లో దారి కన్నా బండలే ఎక్కువ, వాటి మీద పాకుడు. రావూరి భరద్వాజ గారు మన మద్రాసు సినిమా లోకం మీద రాసిన నవలకు 'పాకుడురాళ్ళు' అని ఊరికే పేరు పెట్టలేదు. పైకి తళతళలాడుతూ ఉంటాయి, కాలు పెడితే నిలవనివ్వవు. తడి రాతి మీద నిలబడాలంటే అడుగు మెత్తటి రబ్బరుదై ఉండాలి. గట్టి రబ్బరు పదేళ్ళు మన్నుతుంది గాని రాతిని పట్టుకోదు. మెత్తటిది తొందరగా అరుగుతుంది, కాని పట్టుకుంటుంది. దుకాణంలో బొటనవేలి గోటితో నొక్కి చూడండి, కొంచెమైనా దిగాలి. బురద దారికి మాత్రం పళ్ళు లోతుగా, ఎడంగా ఉండాలి. నాలుగైదు మిల్లీమీటర్ల లోతు చాలు. పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటే వాటి మధ్య బురద నిండిపోయి అడుగు మళ్ళీ పలకలా నున్నగా అయిపోతుంది.

అయితే ఎంత మంచి జోడైనా పచ్చటి నాచు మీద పనిచేయదు. అక్కడ జోడును నమ్మకుండా పక్కనున్న గరుకు రాయిని వెతుక్కోవడమే ఉపాయం. పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు చూస్తూండగానే పొంగుతుంది. వానల్లో అటవీశాఖవారు ఈ దారులు మూసివేస్తూ ఉంటారు. పక్కదారి చూపిస్తామనే వాళ్ళు దొరుకుతారు, వాళ్ళ మాట వినకండి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి అడవి మంటల్లో చిక్కుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు, చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళు వారిలో ఉన్నారు. ఆ తరువాతే తమిళనాడు ప్రభుత్వం కొండనడకలకు నిబంధనలు బిగించింది. 2024 అక్టోబరులో 'ట్రెక్ తమిళనాడు' అని 40 దారులను అనుమతితో, మార్గదర్శకులతో తెరిచింది. మనకు దగ్గరలో తిరువళ్ళూరు జిల్లా గుడియం గుహల దారి అందులో ఉంది. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవారికి అది నయం.

ఇక హిమాలయాలు. ఇక్కడ మన భాషే మనకొక చిక్కు తెచ్చిపెడుతుంది. తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రైళ్ళను ఆలస్యం చేసేదీ మంచే, హిమాలయం మీద కురిసేదీ మంచే, అది గట్టిపడి గాజులా మెరిసేదీ మంచే. తమిళంలో 'పని' అన్నా ఇదే తంతు. వేడి దేశంవాళ్ళం, మనకు ఒక మాట సరిపోయింది. కాని కాలికి ఇవన్నీ వేరువేరు. "అక్కడ మంచు ఉంటుంది" అని మా వాడంటే "ఏ మంచు?" అని అడిగాను. తెల్లముఖం వేశాడు.

నవంబరు ఆఖరు, డిసెంబరు నెలల్లో అక్కడ మంచు మొదలవుతూ ఉంటుంది. లోతుగా పేరుకోదు. ఒకరోజు నాలుగు అంగుళాలు కురుస్తుంది, మధ్యాహ్నం ఎండకు పైపైన కరుగుతుంది, రాత్రి చలికి ఆ నీరే గట్టిపడి రాతి మీద అద్దంలా అతుక్కుంటుంది. నీడపట్టు మలుపుల్లో, ఊటనీరు దారిని దాటే చోట ఇది మరీ ఎక్కువ. పైన కొత్త మంచు పల్చగా పరుచుకుంటే కిందనున్న గాజు కనిపించదు. నిండు చలికాలంలో మోకాలి లోతు మంచులో కూరుకుపోవచ్చుగాని జారడం తక్కువ. మొదటి చలికాలపు మంచు మోసగత్తె. పైగా శిఖరానికి తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే బయలుదేరతారు, సరిగ్గా నేల అన్నిటికన్నా గట్టిగా ఉండే వేళ. చలికి రబ్బరు కూడా బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. కనుక ఆలస్యమైతే మళ్ళీ గడ్డకట్టిన దారినే దిగాలి.

ఈ నేల మీద కాలు నిలవడానికి మనుషులు పడిన పాట్లు చాలానే ఉన్నాయి. పూర్వం యూరపులో బూట్ల అడుగున మేకులు కొట్టుకునేవారు. 1908లో ఆస్కార్ ఎకెన్‌స్టీన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పది ముళ్ళ ఇనుప చట్రం తయారుచేశాడు, నేటి క్రాంపాన్లకు అదే మూలం. 1935లో విటాలే బ్రమానీ అనే ఇటలీ పర్వతారోహకుడి సహచరులు ఆరుగురు ఆల్ప్స్ కొండల్లో మంచు తుపానుకు చనిపోయారు. రాతి మీదికి ఎక్కడానికని బరువు బూట్లు వదిలి పల్చటి జోళ్ళు వేసుకున్నారు, చలికీ తడికీ అవి ఆగలేదు. రాతికీ మంచుకూ రెంటికీ పనికివచ్చే అడుగు కావాలని ఆ దుఃఖంలో పట్టుబట్టి, 1937లో లోతైన పళ్ళున్న రబ్బరు అడుగును ఆయన తయారుచేయించాడు. ఆయన పేరులోంచి పుట్టిందే విబ్రమ్ అన్న మాట. 1954లో కె2 శిఖరం మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం వాడింది ఆ అడుగులనే. నేడు మన పిల్లలు కొనే ప్రతి కొండబూటుకూ అడుగున కనిపించే పళ్ళు ఆ ఆరుగురి ప్రాణాల మీద వచ్చినవని మా వాడికి చెప్పాను.

కేదార్‌కంఠ లాంటి నడకదారికి మంచి బూట్ల మీద తొడుక్కోవలసింది మైక్రోస్పైక్స్. రబ్బరు పట్టీకి గొలుసులు, గొలుసులకు సెంటీమీటరు పొడవున్న ఉక్కు ముళ్ళు. బూటు మీద సాగదీసి తగిలించుకోవచ్చు. జనం నడిచి గట్టిపడిన మంచుమీదా, దారిలోని గాజు మంచుమీదా ఇవి చక్కగా పట్టుకుంటాయి. క్రాంపాన్లు వేరు. వాటి ముళ్ళు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటాయి, వంగని గట్టి బూట్లు కావాలి, చేతిలో మంచుగొడ్డలి, దాని వాడకంలో శిక్షణ కావాలి. అవి నిటారు మంచు వాలుకు. ఎక్కువ ధర కదా, ఎక్కువ భద్రం అనుకుని నడకదారికి క్రాంపాన్లు కొనుక్కుంటే, ఆ ముళ్ళు పంట్లానికి తగులుకుని పడేది మనమే. మోకాలి లోతు కొత్త మంచులో మళ్ళీ రెండూ పనిచేయవు. అక్కడ బూట్లలోకి మంచు దూరకుండా పిక్కలకు కట్టుకునే గెయిటర్లు ముఖ్యం. వట్టి రాతి మీద, మెట్ల మీద మైక్రోస్పైక్స్ తీసెయ్యాలి. ఇనుము రాతిని పట్టుకోదు, పైగా ముళ్ళు మొద్దుబారతాయి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. నడకకు వేసుకునే మందపాటి మేజోళ్ళతోనే తొడిగి చూడండి. వేళ్ళ ముందు బొటనవేలంత చోటు ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. కనీసం నెలరోజులు ఊళ్ళోనే వేసుకుని నడవండి. అటక మీద ఐదారేళ్ళుగా పడి ఉన్న బూట్లను, ఎంత కొత్తగా కనిపించినా, నమ్మకండి. మన సముద్రపు తేమకు అడుగులోని మెత్తటి పొర లోలోపల పొడి అవుతుంది. చూడటానికి బాగానే ఉంటాయి, నడక మొదటిరోజే అడుగు ఊడి చేతికి వస్తుంది. మైక్రోస్పైక్స్ బూటు మీద బిగుతుగా ఉండాలి. చలికి రబ్బరు బిగుస్తుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి కనుక చేతికి గ్లవ్స్ వేసుకుని తొడగడం ఇంట్లోనే పదిసార్లు అలవాటు చేసుకోవాలి. విమానంలో వెళ్ళేవారు వాటిని చేతి సంచిలో కాక లగేజీలో వేయాలి, గుడ్డ చుట్టి మరీ. చాలా ట్రెక్ సంస్థలు వీటిని అద్దెకో ఉచితంగానో ఇస్తాయి. కాని ముళ్ళు అరిగాయా, గొలుసు తెగిందా, మన కాలి సైజేనా అన్నది తీసుకునేటప్పుడే చూసుకోవాలి. బ్యాంకు కౌంటరు దగ్గర నోట్లు లెక్కపెట్టుకున్నట్టే, కదిలి వెళ్ళాక అడిగే హక్కు ఉండదు.

నడిచేటప్పుడు పాదం బల్లపరుపుగా వేయాలి, మడమ ముందు మోపితే జారుతుంది. అడుగులు చిన్నవి, కాళ్ళ మధ్య కొంచెం ఎడం, మోకాళ్ళు కొద్దిగా వంచి. ముళ్ళ మధ్య మంచు ఉండకడితే చేతికర్రతో తట్టి రాల్చాలి. కర్రకు రాతి మీద రబ్బరు తొడుగు ఉంచాలి, మంచు మీద తీసెయ్యాలి.

మన తెలుగువాళ్ళకు కొండలు కొత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్‌బాబు గారు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. భువనగిరి ఏకశిల మీద ఓనమాలు దిద్దుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు మీద నిలబడింది, తోడుగా సాధనపల్లి ఆనంద్‌కుమార్. ఆ మస్తాన్‌బాబు గారే 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి ప్రాణాలు వదిలారు. అంత అనుభవం ఉన్నవారినీ వాతావరణం విడిచిపెట్టలేదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో కర్ణాటక బృందంలోని తొమ్మిదిమంది చనిపోయింది కూడా మంచుగాలికే. కాళ్ళకు ఏం కట్టుకున్నా ఒక మాట ముందే అనుకుని వెళ్ళాలి: ఏ వేళకు శిఖరం చేరకపోతే వెనక్కి తిరగాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది. దీనికి పైన, గాలిలో కూర్చుని జవాబు వెతకకూడదు. బయలుదేరే ముందే కాగితం మీద ఉండాలి.

మా వాళ్ళు ఆరుగురూ ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని ఆ కాగితం రాశారు. ఉదయం పదింటికల్లా పైకి చేరకపోతే వెనక్కే. ఎవరికైనా తలనొప్పి, వాంతులు మొదలైతే ఒక్కరు కాదు, తోడుగా మరొకరు కిందికి. మార్గదర్శకుడు వద్దన్నాక ఓట్లు లేవు. తరువాత ఆరు వారాలు ఆదివారాలు షోళింగర్‌లో సుమారు 1,300 మెట్లు, మిగతా రోజుల్లో పరంగిమల, అపార్టుమెంటు మెట్లు, వీపున ఎనిమిది కిలోల బియ్యంతో ఎక్కారు. ఆరుగురిలో ఒక అమ్మాయికి మోకాలు సహకరించలేదు. ఈ ఏటికి మానుకుంటానని తనే చెప్పింది. మిగతావాళ్ళు ఆ అమ్మాయిని వెక్కిరించలేదు, బతిమాలలేదు. ఈ పిల్లలు పైన కూడా వెనక్కి తిరగగలరని నాకు అప్పుడు నమ్మకం కలిగింది. మా ఆవిడ "సరే" అన్నది కూడా ఆ రోజే.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి మా వాడు కొండదారిలో ఉంటాడు. ఫోను అందని చోటు. మాకు మూడు రాత్రులు నిద్ర ఉండదని తెలుసు. అయినా వాడి సంచిలో ఏముందో, కాళ్ళకు ఏముందో, ఏ వేళకు వెనక్కి తిరుగుతాడో మాకు తెలుసు. తల్లిదండ్రులకు అంతకన్నా హామీ ఎవరిస్తారు?

మీ ఇంట్లో ఎవరైనా ఈ చలికాలంలో కొండకు బయలుదేరుతూంటే వద్దనకండి. వాళ్ళ బూట్లు తెమ్మని, తిరగేసి చూడండి. వచ్చే సంచికలో ఎప్పటిలాగే మన లెక్కలకు వద్దాం. జాయింటు ఖాతాలో ఎవరి పేరు ముందుండాలని చాలామంది అడిగారు, దాని సంగతి చూద్దాం.